గోడ వదిలిన మంచుకొండ

సింహాచలం అప్పన్న మీద ఒట్టు. నన్ను కన్న తల్లి మీద ఒట్టు. ఇన్నేళ్లుగా నా మాటలు వింటూ కూడా నాతోనే కాపురం చేస్తున్న మా ఆవిడ రాజ్యలక్ష్మి మీద ఒట్టు. ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడ నవ్వుతారని తెలుసు. కానివ్వండి. నవ్వడం అయ్యాక చదవండి.

నేను డెన్వర్‌లో పాత పోస్టర్లు బాగుచేసే దుకాణంలో పనిచేశాను. కుడి చెయ్యి మణికట్టు మొరాయించడంతో యాభై దాటీ దాటగానే మానేశాను. మొన్న ఉగాదికి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో సుబ్బారావు గారి అమ్మాయి లావణ్య ప్లేటుతో నా పక్కన కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, కాలేజీలో ఆర్ట్ చదువుతోంది.

"అంకుల్, నాకు మీ జాబ్ చెయ్యాలని ఉంది. పేపర్ రిపేర్. కానీ డాడీ లాఫ్ చేశారు. 'రావు అంకుల్ గోడకి పోస్టర్స్ అతికించేవాడు, అదేం జాబ్' అన్నారు."

పులిహోర గిన్నె అవతల సుబ్బారావు గారు దగ్గారు.

"మీ డాడీ తప్పు చెప్పాడమ్మా," అన్నాను. "నేను అతికించేవాణ్ని కాదు. ఊడదీసేవాణ్ని."

అది సరదాకి అన్న మాట కాదు. ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను. తనకి తెలుగు చదవడం రాదు, వాళ్లమ్మ చదివి వినిపిస్తుంది. జీతాలు, ఇంక్రిమెంట్లు ఇందులో ఉండవు. అసలు పని ఏమిటో, అందులో ఏ చోట చెయ్యి వణుకుతుందో, అది చెబుతాను.

జిగురు కాచడం వచ్చా?

డెబ్బైల నడుమ రాజ్యలక్ష్మికి డెన్వర్‌లో ఆసుపత్రిలో డాక్టరుగా ఉద్యోగం వచ్చింది. ఆమె వెనక సామానుతో పాటు నేనూ దిగాను. తునిలో కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. ఇక్కడ నా చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక చోట చదువు ఎక్కువైందన్నారు, ఇంకో చోట అనుభవం తక్కువైందన్నారు. పొద్దున్నే ఆవిడ డ్యూటీకి వెళ్లడం, నేను కిటికీ దగ్గర నిలబడి మంచు చూడడం. మంచుతో నా పరిచయం అలా మొదలైంది.

ఒకరోజు నడుస్తూ ఉంటే ఒక ఫ్రేముల దుకాణం అద్దం మీద అట్టముక్క కనిపించింది: జిగురు కాచడం వచ్చినవాళ్లు కావాలి. లోపలికి వెళ్లాను. ఎర్ర గడ్డం, బొర్ర, నోట్లో వెలిగించని చుట్ట. ఆయన గస్. దుకాణం ఆయనదే.

"జిగురు కాచడం వచ్చా?"

"నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ."

"నేను అది అడగలేదు."

"వచ్చు."

"అయితే ఆ మాటే ముందు చెప్పు, ప్రొఫెసర్."

చివరిదాకా ఆయన నన్ను ప్రొఫెసర్ అనే పిలిచాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నేను తేల్చుకోలేదు.

ఆ రోజుల్లో కొలరాడో కొండల్లో స్కీయింగ్ పిచ్చి పట్టుకుంది. కొత్త లాడ్జీలు లేస్తున్నాయి. ప్రతి లాడ్జీవాడికీ హాల్లో ఒక పాత ఫ్రెంచ్ పోస్టర్ కావాలి. ఒకప్పుడు ఫ్రాన్సులో రైలు కంపెనీలు జనాన్ని ఆల్ప్స్ కొండలకి లాగడానికి వేయించిన పోస్టర్లవి. నీలం ఆకాశం, తెల్లటి శిఖరం, ఎర్ర స్వెట్టర్ వేసుకుని స్కీల మీద జారుతున్న అమ్మాయి, కింద పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. టికెట్ కొని రమ్మనడమే వాటి పని. ఒక సీజన్ గోడల మీద బతికి చిరిగిపోవాల్సిన కాగితాలు. ఏ ప్రెస్సు అటక మీదో మిగిలిపోయినవి మడతలు పడి, పసుపెక్కి, ఎలుకలు కొరికి మా దగ్గరికి వచ్చేవి. వాటిని తడిపి, కడిగి, చిరుగులు కలిపి, వెనక గుడ్డ వేసి జిగురుతో అతికించి, మళ్లీ నిలబెట్టడమే మా పని.

పచ్చ మంచు

చేరిన కొత్తలోనే పెద్ద తప్పు చేశాను. తెలుగువాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు.

మా ఇంట్లో పుస్తకాలకి అట్టలు వెయ్యాలంటే అమ్మ మైదా ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది. పురుగు పట్టదు. మీలో చాలామంది ఇళ్లలోనూ అంతే. నేను అదే చేశాను, మార్కెట్లో దొరికిన తుత్తం తెచ్చి మరీ. చిటికెడు అనేది అమ్మ చేతికి తెలుసు, నా చేతికి తెలియదు. పోస్టర్‌కి వెనక గుడ్డ వేసి, బల్ల మీద ఆరబెట్టి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లాను.

మర్నాడు గస్ పోస్టర్ ముందు నిలబడి ఉన్నాడు. చుట్ట నోట్లోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. అంటే కోపం అన్నమాట.

"ప్రొఫెసర్, ఇదేమిటి?"

"మంచు."

"మంచు ఏ రంగులో ఉంటుంది?"

చూశాను. శిఖరం మీది మంచు లేత పచ్చగా, పాచి పట్టిన తొట్టిలా ఉంది. చుట్టూ ఆకాశం నీలంగానే ఉంది, స్వెట్టర్ ఎర్రగానే ఉంది. మంచు ఒక్కటే పాడైంది. నాకు అర్థం కాలేదు.

"మంచుకే ఎందుకు పట్టింది?"

గస్ నన్ను చెయ్యి పట్టి భూతద్దం దగ్గరికి లాక్కెళ్లాడు. "చూడు. ఇక్కడ రంగు ఉందా?"

లేదు. మిగతా చోట్ల రాతి అచ్చు మీంచి దిగిన రంగు గింజలు గింజలుగా కనిపిస్తోంది. మంచు ఉన్నచోట ఏమీ లేదు. ఉత్త కాగితం. ఆ కొండను గీసినవాడు మంచును గీయలేదు. చుట్టూ నీలం నీడలు వేసి మధ్యలో కాగితాన్ని ఊరికే వదిలేశాడు. చూసే మన కన్నే దాన్ని మంచు చేసుకుంటోంది.

ఎమ్మెస్సీలో నేర్చుకోనిది ఆ భూతద్దం కింద నేర్చుకున్నాను. పోస్టర్ మొత్తాన్నీ మళ్లీ తడిపి, గుడ్డ ఊడదీసి, నీళ్లు మార్చి మార్చి కడిగి, మంచు మళ్లీ మంచు అయ్యేదాకా నేను ఇంటి మొహం చూడలేదు. ఆ వారం గస్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వారం తరవాత నా బల్ల మీద ఒక కప్పు పచ్చటి పిస్తా ఐస్‌క్రీమ్ పెట్టి వెళ్లాడు. అదీ ఆయన మన్నింపు, అదీ ఆయన తిట్టు.

లావణ్యా, ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా చెబుతాను. నీ దగ్గరికి వచ్చే ప్రతి కస్టమరూ మంచు తెల్లగా కావాలంటాడు. కాగితం వయసుతో పాటు పసుపెక్కుతుంది. బ్లీచ్ వేస్తే తెల్లబడుతుంది, నాలుగేళ్లకి అప్పడంలా విరుగుతుంది. ఈ రంగంలో పేరున్నవాళ్లు చాలామంది కళ్లు మూసుకుని బ్లీచ్ వేస్తారు, విరిగేనాటికి ఆ పోస్టర్ ఇంకొకరి చేతిలో ఉంటుంది కాబట్టి. నువ్వు వెయ్యకు. కస్టమర్ వెళ్లిపోతే వెళ్లిపోనీ. పాత మంచు కాస్త వెన్న రంగులో ఉంటే కొండకి వచ్చిన లోటేమీ లేదు.

ఒడెట్ గారి గోడ

ఎనభైలు మొదలయ్యాక ఒక శరదృతువులో, కొండల మీద ఆస్పెన్ చెట్లు పసుపు రాసుకున్నట్టు మెరుస్తున్న రోజుల్లో, ఒక ముసలావిడ ఫోన్ చేసింది. పేరు ఒడెట్. ఫ్రెంచ్ మనిషి. యుద్ధం అయ్యాక రే అనే అమెరికన్ సిపాయిని పెళ్లాడి వచ్చేసింది. ఇద్దరూ కలిసి కొండల్లో పాత వెండి గనుల ఊళ్లో ఒక చిన్న సత్రం నడిపారు. రే పోయాడు. ఒంటరిగా నడపలేక ఆవిడ సత్రం అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి పెద్ద హోటల్ కడతారట. సోమవారం మధ్యాహ్నం మెషీన్ వస్తుంది. భోజనాల గది గోడకి ఒక పోస్టర్ ఉంది, అది కావాలి. అదీ సంగతి.

శనివారం నేనూ గస్ వ్యాన్‌లో వెళ్లాం. గోడకి అంటే మేకుకి తగిలించి ఉందనుకున్నాం. కాదు. గోడకి అతికించి ఉంది. సున్నపు గార గోడ మీద, సత్రం తెరిచిన మొదటి చలికాలం, మొగుడూ పెళ్లామూ పిండి ఉడికించుకుని అతికించిన పోస్టర్. ఎర్ర స్వెట్టర్ అమ్మాయి, వెనక శిఖరం, కింద ఒడెట్ పుట్టిన ఊరి పేరు. సూప్ ఆవిరి, చుట్టల పొగ పట్టి మంచు తేనె రంగుకి వచ్చింది.

"డెన్వర్ నుంచి ఇంకొకాయన వచ్చి చూశాడు," అంది ఒడెట్. "గోడతో సహా కోసుకోండి అన్నాడు."

గస్ వేలితో గోడ తట్టాడు. లోపల డొల్ల మోత. "కోస్తే గార మొత్తం రాలుతుందమ్మా. లాగితే కాగితం చిరుగుతుంది. మంచి ఫోటో ఒకటి తీయించుకోండి. మేం వెళ్లొస్తాం."

ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. నాకేసి తిరిగింది. కోడిపుంజులాంటి చూపు.

"మీరూ అంతేనా, మిస్యూ? ఎప్పుడైనా గోడ మీంచి పోస్టర్ తీశారా?"

"వందలు," అన్నాను.

గస్ నోట్లోంచి చుట్ట జారి కింద పడింది.

"ఎవరు నేర్పారు?"

"నూకరాజు."

నూకరాజు గురించి ఇక్కడ చెప్పాలి. తునిలో రెండు సినిమా హాళ్లుండేవి. రెండింటికీ పోస్టర్లు వేసేవాడు ఒకడే, నూకరాజు. సన్నగా, చింతబరికెలా ఉండేవాడు. లుంగీ మడిచి కట్టి, సైకిల్‌కి జిగురు బకెట్ తగిలించి, నోట్లో బీడీతో తిరిగేవాడు. వాడి అసలు విద్య అతికించడం కాదు. ఈ హాలు డబ్బుతో వేసిన పోస్టర్‌ని తెల్లారకముందే చిరుగు లేకుండా ఊడదీసి, ఊరవతల గోడకి వేసి, మళ్లీ డబ్బులు వసూలు చేసేవాడు. హీరో ముక్కు చిరిగిందా, జీతం పోతుంది. అందుకని వాడి చేతిలో కాగితం పసిపిల్లలా లేచొచ్చేది. నేను స్కూలు ఎగ్గొట్టి వాడి వెనక తిరిగేవాణ్ని.

ఇదంతా ఆవిడకి చెప్పాను.

"అంటే దొంగ," అంది ఒడెట్.

"దొంగే."

"మంచి దొంగేనా?"

"చాలా మంచి దొంగ."

"అయితే కోటు విప్పండి."

గస్ నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "నీకు మతి పోయిందా? చిరిగితే ఆవిడ మొహం ఎలా చూస్తావు?"

"చిరగదు."

"ఆ నూకరాజు ఎవడో నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

ఆయన వ్యాన్ ఎక్కాడు. కిటికీ దించి అరిచాడు: "సోమవారం వస్తాను. నిన్నో, ఆ ముక్కల్నో పోగుచేసి తీసుకెళ్తాను!" పది గజాలు పోయి బ్రేకు వేసి, తివాచీలు చుట్టే లావుపాటి అట్టగొట్టం ఒకటి రోడ్డు మీదకి తోసి వెళ్లాడు. గస్ అలాంటివాడు. వద్దంటూనే కావాల్సింది వదిలి వెళ్తాడు.

తడి, ఓపిక, ఎలుగుబంటి

ముందు దూదిని తడిపి ఎర్ర స్వెట్టర్ అంచున నొక్కి పట్టుకున్నాను. తీసి చూస్తే దూది తెల్లగానే ఉంది. ఆకాశం దగ్గరా అంతే. రంగు కదలదు. సగం భయం తీరింది.

పద్ధతి చెబుతాను, విను. గోడకీ కాగితానికీ మధ్య ఉన్నది ఉడికించిన పిండి. ఎన్నేళ్లయినా పిండి నీళ్లని మర్చిపోదు. తడి నెమ్మదిగా కాగితం గుండా లోపలికి దిగితే మెత్తబడుతుంది. తొందరపడితే పైన నానుతుంది, లోపల బిగుసుకునే ఉంటుంది, అప్పుడు లాగినవాడి పని అయిపోతుంది. అందుకని పోస్టర్ మీద తడిపిన పల్చటి గుడ్డ పరవాలి, దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పాలి, మధ్యమధ్య మళ్లీ తడపాలి, కూర్చోవాలి. గుడ్డ నేతలో ముడి ఉండకూడదు. ఆ ఊళ్లో అలాంటి గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి ఫోన్ చేశాను.

"రాజ్యం, మన పెళ్లిలో నాకు పెట్టిన పంచె ఎక్కడుంది?"

"ఎందుకండీ? అక్కడేమైనా పూజా?"

"గోడకి కట్టాలి. అట్లకాడ కూడా కావాలి. పల్చగా ఉంటుందే, దోసెలది."

"మా నాన్న పెట్టిన పంచెండీ అది. గోడకా?"

"గోడ మీద ఒకావిడ పుట్టినూరు ఉంది."

రాజ్యలక్ష్మి సోమవారం దాకా డ్యూటీలు మార్పించుకుని ఆ సాయంత్రం తనే డ్రైవ్ చేసుకుంటూ కొండెక్కి వచ్చింది. పంచె, అట్లకాడ, ఒక డబ్బాలో పెరుగన్నం. ఒడెట్‌కీ ఆవిడకీ నిమిషంలో స్నేహం కుదిరింది. ఇద్దరికీ నన్ను తిట్టడంలో ఏకాభిప్రాయం ఉంది.

ఆదివారం పొద్దున్న వెనక మెట్ల మీద ఒక గిన్నెలో పల్చటి జిగురు చల్లారబెట్టాను. ఊడిన కాగితం పంచెకి అంటుకుని ఉండాలిగా, దానికోసం. తలుపు తీసేసరికి ఎలుగుబంటి. నల్లగా, మా సుబ్బారావు గారంత ఉంది. గిన్నెలో మూతి పెట్టి తృప్తిగా నాకుతోంది. నేను కదలలేదు. ఒడెట్ రెండు గిన్నె మూతలు తీసుకుని నన్ను పక్కకి నెట్టి, వాటిని మోగిస్తూ ఫ్రెంచ్‌లో ఏమేమో తిట్టింది. ఎలుగుబంటి మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది, గిన్నెతో సహా.

"ఏమని తిట్టారు?" అని అడిగాను.

"చలికాలానికి ముందే బిల్లు కట్టకుండా పోయే కస్టమర్లని, నా దగ్గర నేర్చుకున్న ఫ్రెంచ్‌లో రే తిట్టే తిట్టు."

మళ్లీ జిగురు కాయడానికి ఆవిడ ఒక చెక్క పెట్టె మూత తెరిచింది. పిండి. "ఆ రోజు కూడా దీంట్లోంచే తీశాం," అంది. "రే నిచ్చెన మీద ఉన్నాడు. నేను కింది నుంచి అందిస్తున్నాను. మా ఊరు వెళ్లలేకపోయానని ఏడుస్తావు కదా, ఇదిగో నీ ఊరు, రోజూ భోజనానికి రా అన్నాడు."

ఆ మాట విన్నాక నాకు తొందర పుట్టింది. మధ్యాహ్నానికే పై అంచులో అట్లకాడ దూర్చాను. కాస్త లేచింది. ఇంకొంచెం లాగాను. పుసుక్కుమని ఆకాశంలో బొటనవేలంత చిల్లు పడింది.

రాజ్యలక్ష్మి నా చేతిలోంచి అట్లకాడ తీసుకుంది.

"దోసె కాలకుండా తిప్పుతారేమిటండీ మీరు? చెయ్యి కడుక్కుని రండి. అన్నం తిందాం."

లావణ్యా, ఈ వృత్తిలో నేను పొందిన సలహాల్లో అంతకన్నా గొప్పది లేదు. కాగితం సిద్ధంగా లేనప్పుడు నువ్వు చెయ్యగలిగింది చేతులు కడుక్కోవడమే. అన్నం తిన్నాం. మళ్లీ తడిపాం. మళ్లీ కూర్చున్నాం. ఒడెట్ పదే పదే అడిగేది: "ఇలాంటప్పుడు నూకరాజు ఏం చేసేవాడు?" నేను చెప్పేవాణ్ని: "బీడీ వెలిగించేవాడు. అది అయ్యేదాకా గోడ వైపు చూసేవాడు కాదు." మేమూ చూడలేదు.

మూల

సోమవారం పొద్దున్న శిఖరం లేచింది. లాగలేదు నేను, కింద అట్లకాడ జారిస్తే అదే వచ్చింది, వేగిన దోసె అంచు లేచినట్టు. తడి పంచెకి కాగితం అంటుకుని ఉంది. రాజ్యలక్ష్మి ఒక పక్కా ఒడెట్ ఒక పక్కా అట్టగొట్టం పట్టుకుని, నేను ఊడదీసిన కొద్దీ కిందికి చుట్టుకుంటూ వచ్చారు. కొండ వచ్చింది. నీలం నీడలు వచ్చాయి. ఎర్ర స్వెట్టర్ వచ్చింది. స్కీలు వచ్చాయి. గోడ మీద తెల్లటి చదరం పెరుగుతోంది.

బయట పెద్ద మోతతో మెషీన్ వచ్చింది. దాని వెనకే గస్ వ్యాన్. మెషీన్ తోలేవాళ్ల మేస్త్రీ డేల్ గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"మ్యామ్, మధ్యాహ్నం అని రాసిచ్చారు."

"మధ్యాహ్నం ఇంకా కాలేదు. సూప్ తాగు."

అతను తాగాడు. కూర్చుని గోడకేసి చూస్తూ తాగాడు.

అన్నీ వచ్చాయి, కింది కుడి మూల రాలేదు. ఊరి పేరులో చివరి అక్షరాలున్న మూల. అట్లకాడ జారడం లేదు. తడిపాను. వేడినీళ్ల గుడ్డ వేశాను. గోరుతో తడిమాను. గట్టిగా, గాజులా ఉంది. అది పిండి కాదు.

ఒడెట్ దగ్గరికి వచ్చి వేలితో ముట్టుకుంది. "రే," అంది. "సూప్ ఆవిరికి ఈ మూల లేచేది. ఒకసారి విసుగొచ్చి పడవలకి వాడే జిగురు తెచ్చి అంటించాడు. ఇక నీ ఊరు ఎక్కడికీ పోదు అన్నాడు."

పడవల జిగురు నీళ్లకి లొంగదు. దానికోసమే దాన్ని చేశారు. నా కెమిస్ట్రీ అంతా తిరగేశాను. వాసన చూసి దాన్ని కరిగించే మందు చెప్పగలను, కానీ ఆ మందు దుకాణంలో ఉంది, దుకాణం కొండ కింద ఉంది. బలవంతంగా లాగితే చీలిక ఎటు పోతుందో తెలియదు. ఎర్ర స్వెట్టర్ మీదుగా శిఖరం దాకా పోవచ్చు.

గస్ నా చెవిలో అన్నాడు: "మొత్తం తెస్తానన్నావు."

"అన్నాను."

"నూకరాజు ఏం చేసేవాడు?" అని అడిగింది ఒడెట్.

నేను గుడ్డని మళ్లీ వేడినీళ్లలో ముంచాను. అప్పటిదాకా నూకరాజు ఏ గోడ దగ్గరా నోరు మెదపకుండా ఉండలేదు.

డేల్ ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టాడు. బయటికి వెళ్లి ఇంజన్ స్టార్టు చేశాడు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పాత ఇంజన్, మ్యామ్. వేడెక్కడానికి కాస్త టైమ్ పడుతుంది." బయట మంచి ఎండగా ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఒడెట్ వంటింట్లోకి వెళ్లింది. చేపలు కోసే సన్నటి కత్తితో వచ్చింది. నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ఆ మూల చుట్టూ నిదానంగా, నిటారుగా కోసింది. పోస్టర్ గోడని వదిలేసింది. అరచేతిలో పట్టేంత ముక్క, మూడు అక్షరాలతో, గోడకే ఉండిపోయింది.

"అది రేది," అంది లేస్తూ. "ఇంటితో పాటు ఉండనీ."

డేల్ టోపీ మళ్లీ తీశాడు. మేం గొట్టాన్ని నలుగురం మోసుకుని వ్యాన్‌లో పెట్టాం. వ్యాన్ కదులుతుంటే వెనక గోడ కూలిన చప్పుడు వినిపించింది. ఒడెట్ నా పక్క సీట్లో కూర్చుని ఉంది. వెనక్కి చూడలేదు.

ఖాళీ

దుకాణంలో కడిగి, కొత్త గుడ్డ వేసి, ఆకాశంలో చిల్లు పూడ్చాను. మూల మిగిలింది. ఉత్త కాగితం అతికించి వదిలాను. గస్ బ్రష్ తీసుకుని వచ్చాడు. "మూడు అక్షరాలు. నేను గంటలో రాసేస్తాను. దేవుడు కూడా పోల్చలేడు." నిజంగానే పోల్చలేడు. గస్ చెయ్యి అంత గొప్పది. ఒడెట్‌ని పిలిచి అడిగాం.

"ఎందుకు?" అంది. "మా ఊరి పేరు నాకు తెలుసు."

గస్ బ్రష్ కడిగి పెట్టేశాడు. ఆ తరవాత మా దుకాణంలో పోయిన అక్షరాన్ని ఎవరూ అడక్కుండా రాయలేదు. ఖాళీ చోటుని ఖాళీగా వదలడానికి చెయ్యి తిరిగినవాడే కావాలి లావణ్యా. చెయ్యి తిరగనివాడికి అక్కడ ఏదో ఒకటి గీయాలనిపిస్తుంది.

ఒడెట్ డెన్వర్‌లో చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంది. పోస్టర్‌ని భోజనాల బల్ల ఎదురుగా పెట్టుకుంది. నాకు కాగితంలో చుట్టిన మెత్తటి పొట్లం ఒకటి ఇచ్చింది. తను అల్లిన ఉన్ని మఫ్లరు.

"మీకు కాదు. నూకరాజుకి పంపండి."

తునిలో ఉన్ని మఫ్లరు. "తప్పకుండా పంపుతాను," అన్నాను.

ఇక ఒప్పుకోలు

పైన చెప్పిందంతా నిజమని ఒట్టు వేశాను. ఒట్టు అలాగే ఉండనివ్వండి, ఒక్క మనిషిని మాత్రం తీసేయండి.

ఎలుగుబంటి అబద్ధమనుకుంటున్నారు కదూ? ఎలుగుబంటి నిజం. గిన్నె పోయింది, రాజ్యలక్ష్మి సాక్షి. డేల్ నిజం. పడవల జిగురు నిజం. నూకరాజే లేడు.

తునిలో పోస్టర్లు అంటించేవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. వాళ్లెవరో నాకు తెలియదు. నేను స్కూలు ఎగ్గొట్టి ఎవరి వెనకా తిరగలేదు, ముందు బెంచీలో కూర్చునే రకాన్ని. ఆ శనివారం దాకా గోడ మీంచి ఒక్క కాగితం కూడా ఊడదీసి ఎరగను. "ఎవరు నేర్పారు?" అని ఆవిడ అడిగింది. ఎవరూ నేర్పలేదంటే కోటు వేసుకుని వెళ్లిపోవాలి. నాకు వెళ్లాలని లేదు. ఒక్క ఊపిరిలో వాడు పుట్టాడు, లుంగీ, సైకిలు, బకెట్, బీడీతో సహా. వాణ్ని పుట్టించాక నాకు వేరే దారి లేకపోయింది. వందల పోస్టర్లు ఊడదీసినవాడి శిష్యుణ్ని కదా, చెయ్యి వణకడానికి వీల్లేదు.

ఆ తరవాత వాడు దుకాణంలోనే ఉండిపోయాడు. చిక్కు వచ్చినప్పుడల్లా గస్ "మీ దొంగని అడుగు" అనేవాడు. నేను అడిగేవాణ్ని. చాలాసార్లు సరైన జవాబే చెప్పాడు.

ఇప్పుడు నా బల్ల దగ్గర మార్సీ అనే అమెరికన్ అమ్మాయి పనిచేస్తోంది. నేను నేర్పిన మనిషే. నాకన్నా బాగా చేస్తుంది. పోయిన నెల దుకాణానికి వెళ్లాను. ఎవరో భార్యాభర్తలు చీలికలైన పోస్టర్ ఒకటి తెచ్చి, దీన్ని ముట్టుకోనివ్వాలా వద్దా అని బెంగగా నిలబడి ఉన్నారు. మార్సీ మెడలో ఒడెట్ అల్లిన ఉన్ని మఫ్లరు సర్దుకుని, ఏమాత్రం తడబడకుండా చెప్పింది: "భయపడకండి. మాది ఇండియాలో నూకరాజు అనే ఆయన దగ్గర్నుంచి వచ్చిన విద్య."

వాళ్లు పోస్టర్ బల్ల మీద పెట్టారు. మార్సీ దూది తడిపింది. చెయ్యి వణకలేదు.

మార్సీకి తెలుగు రాదు. మీకు వచ్చు. దయచేసి చెప్పకండి.